వదిలేసిన గినీ పిగ్‌ను ఇంటికి తెచ్చుకుంటున్నారా? ముందు ఇవి తెలుసుకోండి

పిల్లాడి పుట్టినరోజుకని పెట్ షాపులో రెండు గినీ పిగ్‌లు కొంటారు. "రెండూ మగవే" అని షాపులో చెప్తారు. మూడు నెలలు తిరిగేసరికి అవి ఆరవుతాయి. ఇంకో మూడు నెలలకి లెక్క తప్పిపోతుంది. పిల్లల మోజు తీరిపోతుంది, వాసనొస్తోందని ఇంట్లో గొడవ మొదలవుతుంది. చివరికి అట్టపెట్టెలో పెట్టి పార్కులోనో, ఊరి బయట ఖాళీ ప్లాటులోనో వదిలేస్తారు. "గడ్డి తిని బతుకుతాయిలే" అనుకుంటారు.

బతకవు. కుక్క, పిల్లి, కాకి, ముంగిస, మన నెల్లూరు ఎండ, వీటిలో ఏదో ఒకటి రెండు మూడు రోజుల్లో వాటి పని ముగిస్తుంది. కొన్నింటికి అదృష్టం బాగుండి ఎవరో ఒకరు జాలిపడి ఇంటికి తెస్తారు. కానీ అలా తెచ్చినవి కూడా చాలావరకు నెలా రెండు నెలల్లో చనిపోతుంటాయి. తెచ్చినవాళ్లకి జాలి లేక కాదు, దానికి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో తెలియక. ఈ వ్యాసం అలాంటి కుటుంబాల కోసం.

పేరులో 'పిగ్' ఉంది, ఫరవాలేదా?

మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న ఇదే. దాదీ, నానీలు పేరు వినగానే వద్దంటారు. పేరు తప్ప దీనికీ పందికీ ఎలాంటి సంబంధం లేదు. ఇది ఎలుక, ఉడుత, ముళ్లపంది ఉండే కొరికే జంతువుల జాతికి చెందినది. గడ్డి, ఆకులు తప్ప వేరేది తినదు. హిందీలో దీన్ని విలాయతీ చూహా అంటారు. అలాగని ఇంట్లో తిరిగే ఎలుకా కాదు. దాని సొంత ప్రాంతం దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా వైపు వేల ఏళ్లుగా మనుషులు పెంచుతున్నారు. గినీ దేశంతోనూ దీనికి సంబంధం లేదు.

పెంచుకోవడం గురించి హదీసుల్లో మనకు దారి ఉంది. అనస్ (ర) తమ్ముడు అబూ ఉమైర్ చిన్నతనంలో ఒక పిట్టను పెంచుకోవడం, అది చనిపోయినప్పుడు దైవప్రవక్త (స) ఆ పిల్లాడిని ప్రేమగా పలకరించడం సహీహ్ బుఖారీలో ఉంది. చక్కగా చూసుకునేట్లయితే జంతువును పెంచుకోవచ్చని చాలామంది ఉలమా దీని ఆధారంగా చెప్తారు. అదే బుఖారీలో పిల్లిని బంధించి, తిండి పెట్టకుండా, వదలకుండా చంపిన స్త్రీ శిక్షకు గురైన సంగతీ ఉంది. రెండూ కలిపి చదివితే విషయం తేలిపోతుంది. గూట్లో పెట్టిన జంతువు మన చేతిలో అమానత్. అది తన తిండి తను వెతుక్కోలేదు కాబట్టి పూచీ అంతా మనదే. దాని మూత్రం, శుభ్రత, నమాజ్ గది గురించి సందేహాలుంటే మీ మస్జిద్ ఇమామ్ గారిని అడగండి. మామూలుగా అయితే నమాజ్ చేసే గదిలో గూడు పెట్టకపోవడం, జానమాజ్ పక్కకి దాన్ని వదలకపోవడం చాలు.

ఒక్క చూపులో

ఆయుష్షు: 5 నుంచి 8 ఏళ్లు.
బరువు: పెద్దవి 700 నుంచి 1,200 గ్రాములు.
గర్భకాలం: 59 నుంచి 72 రోజులు. ఒక కాన్పుకు సాధారణంగా 2 నుంచి 4 పిల్లలు.
హాయిగా ఉండే వేడి: 18 నుంచి 24 డిగ్రీలు.
ముఖ్యమైన తిండి: ఎండుగడ్డి, పచ్చగడ్డి. దాంతోపాటు రోజూ సి విటమిన్ ఉన్న ఆకో కాయో.
ఒంటరిగా ఉండలేదు. తన జాతిదే ఇంకొకటి తోడు కావాలి.

చట్టం ఏమంటుంది?

గినీ పిగ్ పెంచుకోవడానికి అనుమతి అక్కర్లేదు. ఇది వన్యప్రాణుల రక్షణ చట్టం జాబితాల్లో లేదు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం సైటిస్ జాబితాలో ఉన్న విదేశీ జంతువుల్ని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. గినీ పిగ్ ఆ జాబితాలోకి కూడా రాదు. అయితే రామచిలుక, నక్షత్ర తాబేలు వేరు. అవి మన అడవి జీవులు, ఇంట్లో ఉంచుకోవడం నేరం. దొరికితే అటవీశాఖకు అప్పగించాలి.

వదిలేయడం మాత్రం తప్పే. ఆకలితో, దాహంతో బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద నేరం. 2018లో వచ్చిన పెట్ షాపు నిబంధనల ప్రకారం జంతువులు అమ్మే షాపు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టరు అయి ఉండాలి.

తీసుకునే ముందు ఇంట్లో మాట్లాడుకోండి

ఎవరో ఇస్తామంటే వెంటనే ఊ అనకండి. ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు ఉండాలి.

రోజూ మేత పెట్టి, గూడు శుభ్రం చేసేది ఎవరు? పదేళ్ల పిల్లాడి మాట మీద ఆధారపడొద్దు. ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు బాధ్యత తీసుకోవాలి. అబ్బా గల్ఫ్‌లో ఉండి అమ్మీ ఒక్కరే ఇల్లు నెట్టుకొస్తుంటే ఆ భారం ఆమె మీదే పడుతుంది. ఆమె సరే అంటేనే తెచ్చుకోండి.

ఊరెళ్తే ఎవరు చూస్తారు? ఉమ్రాకో, పెళ్లికో పది రోజులు వెళ్తే దీన్ని గిన్నెడు మేత పెట్టి వదిలేసి పోవడానికి లేదు.

ఉబ్బసం, గడ్డి పొడి పడనివాళ్లు ఇంట్లో ఉన్నారా?

డాక్టరు ఖర్చు పెట్టుకోగలరా? జంతువు ఉచితంగానే వస్తుంది, వైద్యం రాదు.

ఒక్కదానికైనా జవాబు లేకపోతే తీసుకోకండి. సరిగ్గా చూసుకోగలిగే ఇల్లు వెతికిపెట్టడం కూడా మేలు చేసినట్టే.

దొరికిన రోజు

బయట కనిపిస్తే వెంటపడి తరమొద్దు. భయంతో గుండె ఆగి చనిపోవచ్చు. మెల్లగా గోడ మూలకి మళ్లించి, తువ్వాలు కప్పి, రెండు చేతులతో ఎత్తండి. ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకోటి వెనక భాగం కింద ఉండాలి. గాలి రంధ్రాలు చేసిన అట్టపెట్టెలో పచ్చగడ్డి వేసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న చోట పెట్టండి. నీళ్లు పెట్టండి. ఆ రోజు పిల్లల్ని చుట్టూ చేరనివ్వొద్దు.

పక్కన ఇంకేమైనా ఉన్నాయేమో వెతకండి. వదిలేసేవాళ్లు సాధారణంగా ఒకదాన్నే వదలరు.

తర్వాత ఒళ్లంతా చూడండి. కళ్లు, ముక్కు కారుతున్నాయా? బొచ్చు ఊడి చర్మం పొక్కుల్లా ఉందా? అయితే గజ్జి పురుగు కావచ్చు, తామర కావచ్చు. తామర మనుషులకీ అంటుకుంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఇంట్లో ముందే గినీ పిగ్‌లు ఉంటే కొత్తదాన్ని మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. ముందు పాతవాటికి మేత వేసి, ఆ తర్వాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి.

దొరికింది ఆడదైతే కడుపుతో ఉందనే అనుకుని చూసుకోండి. 72 రోజులు గడిస్తే గానీ కాదని నమ్మడానికి లేదు.

మేత: అసలు కథ ఇక్కడే

దీని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. దీని పేగులు కూడా గంటగంటకీ పీచు పడితేనే కదులుతాయి. అందుకే గడ్డి ఇరవై నాలుగు గంటలూ గూట్లో ఉండాలి. గిన్నెలో గింజలు పోసి పొద్దున్నుంచి సాయంత్రం దాకా వదిలేస్తే పళ్లు పెరిగి, నోరు మూతపడక, ఎదురుగా తిండి ఉన్నా తినలేక ఆకలితో పోతుంది.

మన దగ్గర తేలిగ్గా దొరికేది గరిక. దాన్ని కోసి, కడిగి, కొంత పచ్చిగా పెట్టండి. కొంత నీడలో ఆరబెట్టి దాచుకోండి. పాడిరైతులు వేసే నేపియర్ గడ్డి లేత ఆకులు కూడా పనికొస్తాయి. వరిగడ్డి మన జిల్లాలో కావలసినంత ఉంది గానీ అందులో సత్తువ తక్కువ. పరుపుగా వెయ్యొచ్చు, దాన్నే మేత అనుకోవద్దు. పురుగుమందు కొట్టిన వరి గట్ల మీద, మందులు చల్లే రొయ్యల చెరువు గట్ల మీద కోసిన గడ్డి అసలే వద్దు. బూజు పట్టిన గడ్డీ వద్దు.

బక్రీదు రోజుల్లో మేకలకు తెచ్చే అవిశాకు, మునగాకు ఇష్టంగా తింటాయి. వీటిలో కాల్షియం ఎక్కువ, రోజూ పెడితే మూత్రంలో రాళ్లు వస్తాయి. వారానికి ఒకటి రెండుసార్లు ఒక రెమ్మ చాలు. మేకల దాణా, కోళ్ల దాణా పెట్టొద్దు.

పెట్టకూడనివి: రొట్టె, చపాతీ, అన్నం, బిర్యానీ, పప్పు, పాలు, పెరుగు, బిస్కెట్లు, ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప, టమాటా ఆకులు, అవకాడో, పచ్చళ్లు. చుట్టాలు ఇంటినిండా ఉన్నప్పుడు ఎవరో ఒకరు ముద్దుగా రొట్టె ముక్క పెడతారు. పిండి పదార్థం దాని పేగుల్లో పులిసి గాలి నిండుతుంది. ఈద్ రోజైనా సరే, గూటి మీద "ఏమీ పెట్టొద్దు" అని చీటీ అంటించండి.

సి విటమిన్: రోజూ తప్పనిసరి

కుక్క, పిల్లి, మేక, ఎలుక తమ ఒంట్లోనే సి విటమిన్ తయారు చేసుకుంటాయి. మనిషి చేసుకోలేడు, గినీ పిగ్ కూడా చేసుకోలేదు. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గినీ పిగ్‌లకు ధాన్యం మాత్రమే పెట్టి చూస్తే వాటికి స్కర్వీ వచ్చింది. ఒకప్పుడు ఓడల్లో నావికులను చంపిన జబ్బు అదే. సి విటమిన్‌ను కనుక్కోవడానికి దారి చూపింది ఆ ప్రయోగాలే. క్షయ, డిఫ్తీరియా పరిశోధనల్లో కూడా ఈ జంతువులే బలయ్యాయి. మనుషుల వైద్యం దీనికి చాలా బాకీ ఉంది.

కిలో బరువున్న జంతువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల సి విటమిన్ కావాలి. కడుపుతో ఉన్నదానికి 30కి తగ్గకూడదు. ఇది పెద్ద లెక్కేమీ కాదు. జామకాయలో 100 గ్రాములకు సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే గింజలు తీసిన చిన్న ముక్క చాలు. ఉసిరికాయలో అంతకంటే ఎక్కువ, పులుపుకి కొన్ని తినవు గానీ అలవాటు చెయ్యొచ్చు. క్యాప్సికం రెండు చీలికలు, గుప్పెడు కొత్తిమీర కూడా మంచివే. తీపి పండ్లు వారానికి ఒకటి రెండుసార్లు మించొద్దు.

విటమిన్ చుక్కలు నీళ్లలో కలపమని కొందరు చెప్తారు. నీళ్లలో అది గంటల్లోనే చెడిపోతుంది, పైగా రుచి మారి నీళ్లు తాగడం మానేస్తుంది. నేరుగా నోటికి ఇవ్వడమే మేలు. కుందేళ్ల దాణాలో సి విటమిన్ కలపరు, కాబట్టి దాన్ని నమ్ముకోవద్దు.

లోపం ఉంటే ఎలా తెలుస్తుంది? నడవడానికి ఇష్టపడదు, కీళ్లు వాస్తాయి, ఎత్తితే అరుస్తుంది, బొచ్చు గరుకుగా అవుతుంది, చిగుళ్ల నుంచి రక్తం వస్తుంది. బయట దొరికిన వాటిలో, గింజల మీద బతికిన వాటిలో ఇది మామూలే. తొందరగా మొదలుపెడితే కోలుకుంటుంది.

గూడు

రెండింటికి కనీసం 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు కావాలి. చిలక పంజరం పనికిరాదు. అడుగున ఇనుప జాలీ ఉండకూడదు, పాదాలు పుండ్లు పడతాయి. అట్టమీదో ప్లాస్టిక్ షీటుమీదో పాత లుంగీలు, నూలు దుప్పట్లు మడతలుగా పరిస్తే చాలు. రోజు విడిచి రోజు ఉతకాలి. రంపపు పొట్టు, ఊక దుమ్ము లేపుతాయి, ఊపిరితిత్తులకు మంచిది కాదు. దాక్కోవడానికి ఒక్కోదానికి ఒక్కో అట్టపెట్టె ఇవ్వండి. చక్రాలు, బంతులు వద్దు, వెన్ను దెబ్బతింటుంది.

చీమలు పట్టకుండా స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. దోమల చుట్ట, అగరొత్తి, గురువారం వేసే ఊదు, లోబాన్ పొగ ఆ గదిలోకి రాకూడదు. దీని ఊపిరి చాలా సున్నితం. కుందేలుతో కలిపి ఉంచొద్దు. కుందేలు తంతే ఎముకలు విరుగుతాయి, కుందేలుకు హాని చెయ్యని ఒక క్రిమి దీనికి నిమోనియా తెస్తుంది.

ఎండ, ఉక్క, తుపాను

తీరంలో ఇదే పెద్ద గండం. మైపాడు, ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు ఎక్కడైనా సరే, మే నెలలో ఎండకు తోడు ఉక్క ఉంటుంది. ఈ జంతువు చల్లటి కొండల మీదది, మనలా చెమట పట్టి చల్లబడలేదు. 27 డిగ్రీలు దాటితే ఇబ్బంది, 30 దాటితే ప్రమాదం. రేకుల షెడ్డు, డాబా మీద గది, బాల్కనీ, ఇవి వద్దు. ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే నేల మీద గది ఎంచుకోండి.

నీళ్ల సీసాను ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి గూట్లో ఒక పక్కన పెట్టండి. నానబెట్టి ఆరిన మట్టి పెంకో, బోర్లించిన పగిలిన కుండో పెడితే దాని మీదో, లోపలో పడుకుంటుంది. కిటికీకి తడి గోనె కట్టొచ్చు, గూటి మీద మాత్రం కప్పొద్దు, గాలాడదు. ఉక్కరోజుల్లో కూలర్ గాలి తేమనే పెంచుతుంది, ఫ్యాను గాలి నేరుగా కొట్టకుండా తిప్పండి. కరెంటు పోయే వేళలకు రెండు సీసాలు ఎప్పుడూ గడ్డకట్టి ఉంచండి.

చొల్లు కారుతూ, పక్కకి వాలి, రొప్పుతూ ఉంటే అది వడదెబ్బ. చల్లటి నీళ్లతో చెవులు, పాదాలు తడపండి. ఐసు నీళ్లు పొయ్యొద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

2021 నవంబరు పెన్నా వరద, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను మనకి గుర్తే. ఇల్లు ఖాళీ చెయ్యమన్నప్పుడు గూడు మొయ్యలేరు. మూత ఉన్న బుట్ట ఒకటి, మూడు రోజుల ఎండుగడ్డి ప్లాస్టిక్ సంచిలో కట్టి, నీళ్ల సీసాతో సహా అక్టోబరు నుంచే సిద్ధంగా పెట్టుకోండి. ఒంటికి తడి తగిలి చలిపడితే నిమోనియా వస్తుంది, పొడిగా ఉంచడం ముఖ్యం.

ఆడ, మగ వేరు చెయ్యండి

షాపువాళ్ల మాట కాదు, డాక్టరుకు చూపించి తేల్చుకోండి. మగ పిల్లల్ని మూడో వారం నిండగానే తల్లి నుంచి, చెల్లెళ్ల నుంచి వేరు చెయ్యాలి. ఆడపిల్ల నెల వయసుకే కడుపుతో అవ్వొచ్చు. ఈనిన తల్లి కొన్ని గంటల్లోనే మళ్లీ కట్టు నిలుస్తుంది, కాబట్టి తండ్రిని కాన్పుకు ముందే తీసెయ్యాలి. ఏడెనిమిది నెలలు దాటాక మొదటిసారి కడుపైతే కటి ఎముకలు విచ్చుకోక తల్లి, పిల్లలు ఇద్దరూ పోయే ప్రమాదం ఉంది. "ఒక్కసారి పిల్లలు పుడితే పిల్లలు చూసి సంబరపడతారు" అనే కోరిక వద్దు. రెండు ఆడవి, లేదా ఆడవాటి వాసన తగలని చోట రెండు మగవి, ఇలా జంట కట్టండి.

జబ్బు గుర్తుపట్టడం

వేటాడబడే జంతువు జబ్బును దాచుకుంటుంది. బయటపడేసరికి ఆలస్యమై ఉంటుంది. అందుకే వారానికోసారి ఒకే రోజు, జుమా రోజనుకోండి, తూకం వేసి పుస్తకంలో రాయండి. వంటింటి కాటా కాకుండా దీనికో చిన్న కాటా విడిగా కొనుక్కోండి. 50 గ్రాములు తగ్గితే జాగ్రత్త, బరువులో పదో వంతు తగ్గితే డాక్టరు. పన్నెండు గంటలు తినకపోయినా, పెంటికలు వెయ్యకపోయినా తెల్లవారేదాకా ఆగొద్దు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మనుషుల మాత్రలు, కోళ్ల మందులు, రొయ్యల మందుల షాపులో దొరికే యాంటీబయాటిక్‌లు సొంతంగా ఇవ్వొద్దు. పెన్సిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ నోటి ద్వారా ఇస్తే దీని పేగుల్లోని మంచి క్రిములు చచ్చి, జంతువు కొద్ది రోజుల్లో పోతుంది. డాక్టరు రాసినా "ఇది గినీ పిగ్‌కు ఇవ్వొచ్చా?" అని ఒకసారి అడగండి, తప్పేం లేదు.

పశువైద్య సలహాకు 1962 నంబరుకు ఫోన్ చెయ్యొచ్చు. ఆపరేషన్ లాంటివి కావాలంటే తిరుపతి పశువైద్య కళాశాల, చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల ఆసుపత్రులు మనకు దగ్గర. ప్రయాణం పొద్దున్నే, బుట్టలో గడ్డితో.

'డెగూ' అని ఎవరైనా ఇస్తే

విదేశీ పెంపుడు జంతువుల మోజుతో డెగూ పేరు కూడా వినిపిస్తోంది. ఇది గినీ పిగ్‌కు దూరపు చుట్టం, చిలీ దేశానిది. ఒళ్లు జానెడు, తోక చివర కుచ్చు, బరువు 170 నుంచి 300 గ్రాములు. మన దగ్గర బహు అరుదు. దొరికితే పై సలహాలన్నీ దీనికి వాడొద్దు. దీనికి మధుమేహం తేలిగ్గా వస్తుంది, కాబట్టి పండ్లు, తీపి అస్సలు పెట్టకూడదు. తోక పట్టుకుంటే తోలు ఊడి చేతికొస్తుంది. ప్లాస్టిక్, చెక్క కొరికి బయటపడుతుంది, ఇనుప గూడు కావాలి. దుమ్ములో దొర్లి ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది, అందుకు సన్నని ఇసుక పళ్లెం పెట్టాలి. ఎండుగడ్డి, తోడు, చల్లదనం, ఈ మూడూ మాత్రం రెండింటికీ ఒకటే.

మీరే ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తే

పరిస్థితులు మారతాయి, సాకలేకపోవడం పాపం కాదు. వదిలేయడమే పాపం. ఇచ్చేటప్పుడు జంటను విడదీయకండి. వయసు, ఆడో మగో, ఏం తింటుందో, వచ్చిన జబ్బులు ఒక కాగితం మీద రాసివ్వండి. గూడు, పది రోజుల మేత కూడా ఇచ్చెయ్యండి. తీసుకునేవాళ్ల ఇల్లు ఒకసారి చూసి రండి. ఎక్కడ పెడతారు, ఎండాకాలం ఏం చేస్తారు అని అడగండి. పాములకు మేతగానో, అమ్మకానికి పిల్లల్ని పుట్టించడానికో తీసుకునేవాళ్లూ ఉంటారు. తెలియనివారికి ఇవ్వొద్దు. నెల తర్వాత ఒక ఫోన్ చేసి ఎలా ఉందో కనుక్కోండి, కుదరకపోతే తిరిగి తెచ్చెయ్యమని ముందే చెప్పండి.

దాహంతో ఉన్న కుక్కకు తన తోలు మేజోడుతో నీళ్లు తోడి పోసిన మనిషికి క్షమాపణ దొరికిందని హదీసుల్లో చదువుతాం. అతను చేసింది చిన్న పనే, కానీ ఆ జంతువుకు అప్పుడు కావలసింది అదే. ఇక్కడా అంతే. గుప్పెడు గరిక, చిన్న జామ ముక్క, చల్లటి మూల, పక్కన ఇంకో తోడు. ఇవి రోజూ తప్పకుండా ఇవ్వగలిగితే ఆ అట్టపెట్టెను ఇంటికి తెచ్చుకోండి.